దర్శకుడి గొంతు

"నా గొంతు వినపడకపోతే మీ అక్కకు కన్నీరు రాదు. ఆ మైకు తీయించు, లేదా నన్ను పంపించు," అన్నాడు దర్శకుడు.

కెమెరా తిరుగుతుండగా ప్రక్కనే నిలిచి, కేకలు వేస్తూ భార్య చేత నటింపజేయడం ఆయన పద్ధతి. మూకీ చిత్రాలన్నీ అలా తీసినవే.

"ఇది టాకీ, బావగారూ. మీరు దగ్గినా రికార్డవుతుంది," అన్నాడు స్టూడియో యజమాని అయిన బావమరిది. "పోనీ, అక్కనే అడగండి."

దర్శకుడు ధీమాగా భార్య వైపు తిరిగాడు. "చెప్పవే. నేను లేకుండా ఏడవగలవా?"

ఆమె తలదించుకున్నది. "చెవిలో శంఖం ఊదినట్టు అరిచేవారు. ఏడుపు సంగతి అటుంచి, చేయాల్సిందే మరిచిపోయేదాన్ని. అందుకే మొదటి సినిమా నుంచీ చెవుల్లో దూది పెట్టుకుంటున్నానండీ."

ఆయన ఆసరా కోసం చుట్టూ చూశాడు. కెమెరామన్, మేకప్ మనిషి, బావమరిది నేలచూపులు చూస్తున్నారు.

ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు.