విప్పని బెల్టు

అర్ధరాత్రి పాప పుట్టింది. ఆ హడావుడిలో నర్సు నా పొట్టకు కట్టిన బెల్టు విప్పడం మరిచిపోయింది. ఆ బెల్టుకు తగిలించిన, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషను ఇంకా టకటకలాడుతూనే ఉంది.

"అది మీ గుండేలేమ్మా," అంది నర్సు ఆవులిస్తూ.

నాడి పట్టుకుని చూసుకున్నాను. నాది నెమ్మదిగానే కొట్టుకుంటోంది. పరుగులు పెడుతున్నది మిషనే.

"స్కానింగులో ఒక్కరే కదా కనిపించింది?"

"ఒక్కరేనమ్మా! మాయ కూడా పడిపోయింది. ఇక పడుకోండి," అంటూ మిషను ఆపేసి, బెల్టు విప్పుకుని వెళ్లిపోయింది.

గదిలో చప్పుడు ఆగగానే, అంతదాకా హాయిగా నిద్రపోతున్న పాప గుక్కపట్టింది. ఎంత ఊరుకోబెట్టినా వినదే! చివరికి నా పొట్ట మీద బోర్లా పడుకోబెట్టాను. చటుక్కున ఊరుకుని, చెవి ఆనించి ఏదో వింటున్నట్టు ఉండిపోయింది.

నేనూ ఊపిరి బిగబట్టాను.

లోపలి నుంచి ఎవరో మెల్లగా తన్నారు.

పాప కాలు విదిల్చి, బయటి నుంచి బదులిచ్చింది.