ఎదురెదురు బోల్టులు

“తిప్పు.”

మెకానిక్ షెడ్డులో స్టూలు మీద కూర్చున్న ముసలాయన కసిరాడు. పైకి లేపిన కారు కింద, చేతుల్లో పలచటి పళ్ల చక్రం పట్టుకుని నిలబడ్డ కోడలు ఉలిక్కిపడింది. ఆమె వేళ్ల మధ్య నుంచి బోల్టు జారి ఖంగుమని నేల మీద పడింది.

పక్కనే ఉన్న టాక్సీ డ్రైవరుకి మనసు చివుక్కుమంది. కారు అతనిది. స్టార్టు చేసినప్పుడల్లా కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒకటే చప్పుడు. చూసినవాళ్లంతా ఇంజను పోయిందన్నారు. ఈమె మాత్రం చెవొగ్గి విని, “ఇంజను నిక్షేపంగా ఉందన్నా. దాన్నీ గేరుబాక్సునీ కలిపే పళ్ల చక్రం, ఫ్లెక్స్‌ప్లేటు, చిట్లింది, అంతే” అంది. గేరుబాక్సు దించి చూస్తే నిజమే, బోల్టు కన్నాల చుట్టూ వెంట్రుకంత పగులు. పోయిందనుకున్న బతుకుతెరువు మళ్లీ చేతికందినట్టయింది అతనికి.

అలాంటి పిల్లనా ఈయన కసిరేది?

“ఎటు తిప్పను మావయ్యా?” ఆమె ఆయన నోటివైపే చూస్తూ అడిగింది.

“ఇటు.” ఎడమచేత్తో చూపించాడు.

కొత్త ప్లేటు తిరగేసి పట్టుకుంది మరి. సరిచేసి, బోల్టులు ఒకదాని పక్కన ఒకటి బిగించసాగింది.

“వరసగా కాదు. ఎదురెదురు.”

“ఎందుకు మావయ్యా?”

“వంకర... పోతుంది. మొద్దు.”

ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

“పరాయివాళ్ల ముందు ఇన్ని మాటలు ఎలా పడుతున్నావమ్మా?” డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు.

“తిట్టనీ అన్నా” అంటూ ఆమె మళ్లీ పక్క బోల్టు మీదే స్పానరు పెట్టింది. మళ్లీ తిట్టించుకుంది. తెలిసి తెలిసి ఎందుకు చేస్తోందో అతనికి అంతు పట్టలేదు. అంతలో ఆమె ఫోను తీసి మొగుడికి చెప్పింది: “ఏవండీ, ఉన్నపళంగా రండి. మావయ్య నన్ను తిడుతున్నారు.”

ఇక గొడవ ఖాయం అనుకున్నాడు డ్రైవరు. కొడుకు ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముసలాయన అతనివైపు చూడనైనా లేదు.

“గట్టిగా... బిగించు” అన్నాడు కోడలితో.

కొడుకు వచ్చి తండ్రి కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు.

గేరుబాక్సు ఎక్కించి, కారు దించి తాళం తిప్పేసరికి ఇంజను మెత్తగా అందుకుంది. చప్పుడన్నదే లేదు. డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. “నా ఇంట్లో పొయ్యి ఆరకుండా చూశావు తల్లీ. నువ్వు చల్లగా ఉండాలి.”

ఆ కృతజ్ఞతతోనే ఉండబట్టలేక కొడుకుని పక్కకి పిలిచాడు. “బంగారం లాంటి కోడలు. ఒక్క మంచి మాటైనా లేదు. మీ నాన్నగారికి కాస్త నచ్చజెప్పు బాబూ.”

కొడుకు చెంపల మీద నీళ్లు కారుతుంటే నవ్వాడు.

“పక్షవాతం వచ్చాక నాన్న నోట మాట రావడం ఇదే మొదటిసారన్నా.”