కాగితం మీద రాయొద్దు

1999 వేసవి. పోచంపల్లి నేతగాడు గుర్వయ్య ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, దాన్ని బిగించిన మెకానిక్ ఖుద్దూస్ భుజం మీది తువాలతో చెమట తుడుచుకున్నాడు. గుర్వయ్య హైదరాబాద్ షావుకారుకు ఈ-మెయిల్లో పంపిన చీర డిజైన్ తన మగ్గమెక్కకముందే పక్క వీధి మగ్గం మీద కనిపించింది.

“పాస్‌వర్డ్ ఎవనికన్న చెప్పినవా అన్నా?”

“నా పెండ్లానికి సుత చెప్పలే భాయ్. అది కొట్టేటప్పుడు కిటికీ మూసి, ఆమెను వాకిట్లకు పంపుత.”

“కాగితం మీద రాసినవా?”

“రాయొద్దని నువ్వే చెప్తివి గదా! పెన్ను ముట్టలే.”

“మరి ఇంగ్లీష్ రానోనివి, గన్ని అక్షరాలు ఎట్ల యాదికున్నయి?”

గుర్వయ్య కంప్యూటర్ మీద కప్పే తువాలను గర్వంగా విప్పి పరిచాడు. ఒక అంచున ఈ-మెయిల్ అడ్రసు, రెండో అంచున పాస్‌వర్డ్. ఎర్ర నూలులో తెల్లటి అక్షరాలు.

ఖుద్దూస్ తల పట్టుకున్నాడు. “ముందు దీన్ని కాలబెట్టు!”

“ఇదొక్కటి కాలబెడితే ఏమైతది? నూలుకు రంగులద్ది మగ్గమెక్కించినంక ఒక్క తువాలకే ఆపుతరా? ఎనిమిది నేసిన. అంచు మస్తుగున్నదని సంతల ఆరు అమ్ముడువోయినయి.”

“ఇంకోటేది?”

“రంజాన్‌కు నీకే ఇస్తిని గద భాయ్. అప్పటిసంది దాన్నే భుజాన ఏసుకొని, ఇంటింటికి పోయి పాస్‌వర్డ్ పైలం అని చెప్తున్నవు.”