మెట్ల దగ్గర తీసిన ఫొటో

"ఒక్క సంతకం! నీ ఆస్తులేమైనా రాసిమ్మంటున్నానా?" అంది చిట్టి, కుట్టుమిషను ఆపి.

అమ్మ తలెత్తలేదు. ముందుగదిలో చిట్టి నడిపే టైలరింగు షాపులో ఆవిడ పని గుండీలు కుట్టడం. గంట నుంచీ ఒకే చొక్కాతో కుస్తీ పడుతోంది. కంపెనీవాళ్ళ ఫారం కత్తెర కింద అలాగే పడి ఉంది.

సంగతి చిన్నదే. కొండమీది గుడికి కాలినడకన వెళ్ళే పాత యాత్రాదారిని ఒక టూరు కంపెనీ కొత్తగా అమ్మకానికి పెట్టింది. పేరు 'అమ్మానాన్నల అడుగుల్లో'. పిల్లాపాపలతో ఏసీ బస్సులో వెళ్ళి, ఆఖరి వంద మెట్లు మాత్రం నడిచి, పైన కాళ్ళకు మర్దన చేయించుకుని రావచ్చు. ప్రచారానికి పాత ఫొటోలు పంపమంటే, చిట్టి అమ్మకు చెప్పకుండా గోడమీది ఫొటోను సెల్లులో తీసి పంపేసింది. వందల ఫొటోల్లో అదే నెగ్గింది. బహుమతి ఇంటిల్లిపాదికీ ఉచిత యాత్ర. కాకపోతే ఫొటోలో ఉన్న పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. నాన్న పోయి రెండేళ్ళయింది. ఇక మిగిలింది అమ్మే.

"నడవనివాళ్ళకు పాదయాత్ర! బాగానే ఉంది సంబడం," అంది అమ్మ. "మా రోజుల్లో మూడు రోజులు నడిచేసరికి చెప్పులు అరిగిపోయి అరికాళ్ళు మిగిలేవి."

"ఆ కబుర్లే కదమ్మా వాళ్ళకి కావలసింది! అన్ని ఊళ్ళలో, బస్టాండుల్లో, కూడళ్ళలో ఇంతెత్తు బోర్డులు పెడతారట."

"అన్ని ఊళ్ళలోనా?"

"అన్ని ఊళ్ళలోనూ. కింద ఏం రాస్తారో తెలుసా? 'ఆ ఏడు మీరూ ఈ దారిన నడిచారా?' అని. నడిచినవాళ్ళు ఫోన్ చేసి చెప్పుకోవచ్చట."

అమ్మ వేలికి సూది గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని గోడకేసి చూసింది.

ఫొటోలో నాన్న గళ్ళ చొక్కాలో మెట్లు దిగుతున్నాడు. ఆయన భుజాల మీద మూడేళ్ళ చిట్టి. పక్కన గుడ్డసంచితో అమ్మ, ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వుతోంది.

నలభై దాటినా ఇంట్లో ఇప్పటికీ చిట్టే అయిన చిట్టికి ఆ ఫొటో అంటే ప్రాణం. చిన్నప్పుడు జ్వరం వచ్చినా, అలిగినా ఆ యాత్ర కథే చెప్పించుకునేది. సత్రంలో చాపల మీద ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య పడుకోవడం, వాన వస్తే ఒకే గొడుగు కింద ఆరుగురు దూరడం, ఎవరి మూట ఎవరు మోస్తున్నారో తెలియకపోవడం, నాన్న ఎంత బాగా చెప్పేవాడో! "నా భుజాల మీదే ఎక్కావు, నా భుజాల మీదే దిగావు, మహారాణివి!" అని ముగించేవాడు. తన పిల్లలకు ఆ మెట్లు చూపించాలని చిట్టికి ఎన్నేళ్ళుగానో కోరిక.

"ఆ గౌను చూడమ్మా, భుజాలు మోచేతుల దాకా జారాయి. ఏ మహానుభావుడు కుట్టాడో గానీ, కనిపిస్తే టేపు ఇచ్చి కొలత నేర్పేదాన్ని."

"కొండమీద కొట్లో కొన్నాం. నీ బట్టలు వానకు తడిశాయి."

"మరి ఏడుస్తున్నానేం?"

"దిగనని పేచీ."

"నాకు మైకు ఒక్కటే గుర్తుంది. అందులో ఒకాయన ఎవరెవరి పేర్లో పిలుస్తూనే ఉండేవాడు."

"జనం కదే," అంది అమ్మ. "ఇసకేస్తే రాలనంత జనం."

అంతలో ఫోన్ మోగింది. కంపెనీ అమ్మాయి. చిట్టి స్పీకరు పెట్టి మళ్ళీ గుడ్డ అందుకుంది.

"మేడమ్, ఆ రోజుల్లో మెట్ల దగ్గర స్టూడియో ఆయన అందరికీ ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి తీసి జతగా ఇచ్చేవాడట కదా! మీరు పంపింది దిగేటప్పటిది. ఎక్కేటప్పటిది కూడా ఉంటే రెండూ పక్కపక్కన వేద్దామంటున్నారు మా సారు."

"ఏదమ్మా అది?" అని చిట్టి అమ్మకేసి తిరిగింది.

"ఎప్పుడో చెదలు తినేసింది," అంది అమ్మ.

అవతల కంపెనీ అమ్మాయి నవ్వింది. "పర్వాలేదండీ! ఆ స్టూడియో పాత ఫిలిములన్నీ మా కంపెనీయే కొనేసింది. తేదీలవారీగా ఉన్నాయి. రేపటికల్లా వెతికించి మీ ఫోన్‌కి పంపేస్తాను."

ఫోన్ పెట్టేశాక అమ్మ చొక్కా పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, లోపలిగదిలోకి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. సంతకానికి కళ్ళజోడు వెతుక్కుంటోంది కాబోలనుకుని చిట్టి కలం తీసి సిద్ధంగా ఉంచింది.

అమ్మ తెచ్చింది కళ్ళజోడు కాదు, పసుపు పట్టిపోయిన కవరు.

"చెదలు తినలేదు."

"అబద్ధాలకోరు!" చిట్టికి నవ్వొచ్చింది.

అమ్మ నవ్వలేదు. "మీ నాన్న చించెయ్యమనేవారు. నాకే చేతులు రాలేదు. రేపు ఎవరో ఫోన్‌లో పంపితే నువ్వు చూడటం నాకిష్టం లేదు. నా చేత్తోనే ఇస్తున్నాను. చూశాక కూడా సంతకం పెట్టమంటే, పెడతాను."

ఆ గొంతు వింటే చిట్టికి ఎందుకో భయం వేసింది. కవరులోంచి ఫొటో బయటికి లాగింది. నాన్నది అదే గళ్ళ చొక్కా. అమ్మ చేతిలో అదే గుడ్డసంచి. వెనక అవే మెట్లు. అంచున స్టూడియో ముద్రలో తేదీ, గోడమీది ఫొటోకు సరిగ్గా ఒక రోజు ముందుది.

ఫొటోలో ఉన్నది ఇద్దరే.