తెడ్డు పట్టిన తీరు

బావ తెడ్డు సరిగ్గా పట్టుకున్నాడు. అది చూసి కోచ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

నీళ్ల మీద నిలబడి బోర్డు నడపడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటిరోజు తెడ్డుని గరిటెలా తమవైపే తిప్పి పట్టుకుంటారు. తొమ్మిదేళ్లుగా డాక్టర్లైనా ఇంజనీర్లైనా అందరిదీ అదే తంతు. ఈ పెద్దమనిషి మాత్రం వంపు ముందుకు పెట్టి, కాలికి తాడు బిగించుకుని, బోర్డు నట్టనడుమ మోకాళ్లమీద కూర్చున్నాడు.

"ఎప్పుడూ ఎక్కలేదన్నావు కదా బావా."

"ఎక్కలేదురా. నీళ్లంటేనే భయం నాకు. పిల్ల బతిమాలితే వచ్చాను" అని బావ ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు కోచ్‌కి కారం రాసినట్టు మండింది.

పిల్ల ఒడ్డున తన బోర్డుకి గాలి కొట్టుకుంటోంది. అది కోచ్‌కి మేనకోడలే కాదు, శిష్యురాలు కూడా. వీళ్లిద్దరూ బండరాళ్ల చాటుకి వచ్చేశారు. అక్కడ నీళ్లు నడుముల్లోతే.

"నిలబడు" అన్నాడు కోచ్. కాళ్లకేసి చూడకు అని చెప్పేలోపే బావ లేచి నిలబడ్డాడు. కళ్లు అవతలి గట్టు మీదే ఉన్నాయి.

కోచ్ నీళ్లలోకి దూకి అతని మోకాలి మీద తెడ్డుతో కొట్టాడు. బావ వెల్లకిలా పడ్డాడు. తల పైకి రాగానే రెండో దెబ్బ కణతకి తగిలింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"పోయినేడు మా అక్క ఇక్కడ మునిగిపోతుంటే ఏమన్నావు? ఒడ్డున ఉన్నాను, బోర్డు నడపడం రాదు, ఎలా వెళ్లను అని గుండెలు బాదుకున్నావు. నేనే నిన్ను ఓదార్చాను. ఇప్పుడెలా వచ్చిందిరా?"

"నిజంగా రాదురా... పాప..."

"దాని పేరెత్తకు."

మెడ పట్టి నీళ్లలోకి నొక్కాడు. బావ చేతులు కొట్టుకున్నాయి. కోచ్ మోచేతిని నెత్తురొచ్చేలా గీరాయి. కాసేపటికి ఊరుకున్నాయి. ఒడ్డున గాలి పంపు చప్పుడు మాత్రం ఆగలేదు.

జారిపడ్డాడు, రాయి తగిలింది. ఈ రెండు ముక్కలూ నోట్లో తిప్పుకుంటూ కోచ్ ఒడ్డుకొచ్చాడు. అతన్ని చూసి పిల్ల పంపు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"మావయ్యా, నాన్న తెడ్డు సరిగ్గానే పట్టుకున్నాడా? నువ్వు నవ్వుతావని బెంగపెట్టుకుంటే, చీపురుకర్రకి గరిటె కట్టి, మంచం మీద నిలబెట్టి, వారం రోజులు నేనే నేర్పాను."