తెలియని రెండు గీతలు

“బ్యాగు మొత్తం బోర్లించండమ్మా,” అన్నాడు సెక్యూరిటీ ఆఫీసర్, ఆమె మొహంలోకి చూడకుండా.

బోర్లించింది. దువ్వెన, తాళంచెవులు, కూతురి చిన్న సాక్సు ఒకటి, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. అందరూ చూస్తుండగా సాక్సు జారి కింద పడింది. తీసుకోవడానికి ఆమె వంగితే, ల్యాబు హెడ్డు పెద్దసారు ఆ సాక్సులోకి కూడా తొంగి చూశాడు.

“ఉంగరం లేదు సార్,” అన్నాడు ఆఫీసర్.

“ఇంకా బ్యాగులోనే ఉంచుకుంటుందా? ఈపాటికి ఎప్పుడో ఇల్లు చేరి ఉంటుంది.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. “మాట తూలకండి సార్. నేను ఇక్కడ స్పెక్ట్రోమీటర్ చూసుకోవడానికి ఉన్నాను, మీ ఉంగరానికి కాపలా కాయడానికి కాదు.”

“పళ్లెం ఎవరి టేబుల్ మీద ఉంది మరి?”

పళ్లెం ఆమె టేబుల్ మీదే ఉంది. ప్లాస్మా వెలిగించే ఉక్కు చాంబర్‌ని శుభ్రం చేయడానికి తెరిచినప్పుడల్లా, దగ్గరికి వెళ్లేవాళ్లు ఉంగరాలూ గొలుసులూ వాచీలూ తీసి ఆ పళ్లెంలో పెట్టాలి. ఈ రూలు పెట్టింది పెద్దసారే. గోడకి పెద్దక్షరాలతో అంటించింది కూడా ఆయనే. శుక్రవారం చాంబర్ తెరిచి, మూశారు. ఎవరివి వాళ్లకి చేరాయి, పెద్దసారు పెళ్లి ఉంగరం తప్ప.

“ఆ రోజు మీరు పళ్లెంలో పెట్టారా సార్ అసలు?” అని అడిగాడు పంపు బాబాయ్. వాక్యూమ్ పంపులు చూసుకునే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. “ఫోన్ మాట్లాడుతూనే వచ్చి, లోపల చెయ్యి పెట్టి ప్రోబు కడ్డీ గట్టిగా ఉందో లేదో ఊపి చూసి వెళ్లిపోయారు.”

పెద్దసారు ఈమధ్య బాగా చిక్కాడు. బెల్టుకి కొత్త కన్నం పెట్టించుకున్నా ప్యాంటు నిలవడం లేదు. దాన్ని పైకి లాక్కుని గుడ్లురిమాడు. “రూలు పెట్టినవాణ్ణి నేను. నాకే పాఠాలా? తీసి పళ్లెంలోనే పెట్టాను. బాగా గుర్తు.”

బాబాయ్ తన పంపుల వైపు తిరిగాడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి.

“సాయంత్రంలోపు ఉంగరం రావాలి. లేదంటే పోలీస్ కంప్లైంటు ఇస్తాను. ఇక ఉద్యోగానికి నీళ్లొదులుకో.”

ఆమెకి ఏడుపు రాలేదు, రోషం వచ్చింది. వెళ్లి తన స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుంది. చాంబర్‌లో గ్యాసు ప్లాస్మాగా మారి గులాబి రంగులో వెలుగుతోంది. ఆ వెలుగు సన్నని ఫైబర్ గుండా పరికరంలోకి వచ్చి, తెరమీద గీతలుగా విడిపోతుంది. ఏ మూలకం గీతలు దానివే. లోపల ఏముందో ఈ పరికరం ఎవరి మొహమూ చూడకుండా చెప్పేస్తుంది. సోమవారం మళ్లీ వెలిగించినప్పటి నుంచి మాత్రం రెండు కొత్త గీతలు కనిపిస్తున్నాయి. అవి దేనివో ఇంకా తేలలేదు.

“ఇంకా ఆ గీతలేనా?” వెనక నుంచి పెద్దసారు. “పరికరం పాడైందని ఒప్పుకోవడానికి నోరు రాదా? గ్యాసు తప్ప లోపల ఇంకేం లేదు.”

“పరికరం బాగానే ఉంది. లోపల ఏదో ఉంది సార్. తెరిపించండి, చూద్దాం.”

“తెరిస్తే వారం పని బూడిదపాలు. నీ చేతకానితనానికి నేను మిషన్ ఆపాలా? అబద్ధాల మనిషి చేతిలో పరికరం కూడా అబద్ధాలే చెబుతుంది.”

ఆ మాటకి ల్యాబులో ఒక్కరైనా నోరెత్తాలి. అందరికీ ఒక్కసారిగా కీబోర్డు మీద పని తగిలింది.

ఆమె పళ్లు బిగించి గీతల పట్టిక తెరిచింది. ఇనుము కాదు. రాగి కాదు. టంగ్‌స్టన్ కాదు. భోజనం మానేసి ఒక్కో మూలకాన్నీ సరిపోల్చుకుంటూ పోయింది. మధ్యలో అక్క ఫోన్ చేసింది.

“రాజీనామా వాళ్ల మొహాన కొట్టి వచ్చెయ్యవే.”

“దొంగ అనిపించుకుని రానక్కా,” అని పెట్టేసింది.

సాయంత్రం పెద్దసారు సెక్యూరిటీ ఆఫీసర్‌ని వెంటబెట్టుకుని, పోలీసుల నంబరు నొక్కుతూ వచ్చాడు.

“చివరిసారి అడుగుతున్నా. నా ఉంగరం ఎక్కడ?”

ఆమె లేచి తెరను ఆయనవైపు తిప్పింది. కొత్త గీతలు రెండూ పట్టికలోని గీతల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

“ముందు చాంబర్ తెరిపించండి సార్.”

“ఎందుకు?”

“ఆ గీతలు బంగారానివి.”