ఇవాళ ఎలా వినిపించింది?

"వచ్చే ఆదివారం నేనుండనక్కా. జింకల వేట మొదలు. డ్రమ్స్ వాడూ నాతోనే అడవికి. గిటారు ఆర్విడ్ గారు చూసుకుంటార్లే," అన్నాడు కర్టిస్. చర్చి బ్యాండు నడిపేదీ, అందులో అసలు గిటారు వాయించేదీ అతనే.

పాటల శబ్దం హెచ్చుతగ్గులు సర్దే మిక్సర్ ముందు కూర్చున్న మార్లిస్ గుండెల్లో రాయి పడింది. వేట మొదలయ్యే వారం మా మినెసోటా చర్చిల్లో మగపురుగు కనబడదని ఆవిడకూ తెలుసు. గిటారుకి ఆర్విడ్ ఒక్కడే మిగులుతాడన్నదే తట్టలేదు.

"ఆయనొక్కరేనా?"

"ఏం? ప్రతివారం వాయిస్తూనే ఉన్నారుగా!"

వాయిస్తూనే ఉన్నాడు. వినిపించడం లేదంతే. ఆ సంగతి మార్లిస్‌ ఎవరికీ చెప్పలేదు.

ఆర్విడ్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆయన పాత యాంప్లిఫయర్ మోతకి ముందు వరుస ముసలమ్మలు చెవులు మూసుకుంటున్నారని, భార్య లావోన్ ఒక టాబ్లెట్ కొనిపెట్టింది. యాంపులూ, పెడల్సూ అన్నీ అందులో బొమ్మలే. ఒక బొమ్మ తాకితే గిటారు గుహలో మోగినట్టుంటుంది. ఇంకోటి తాకితే గొంతు బొంగురుపోతుంది. గిటారు వైరు టాబ్లెట్‌కి, అక్కణ్ణుంచి మార్లిస్ మిక్సర్‌కి. లావోన్ పాడేది, ఆయన వాయించేవాడు.

రెండేళ్ల కిందట లావోన్ పోయింది. తర్వాతి ఆదివారమే ఆర్విడ్ వచ్చి గిటారు పట్టుకున్నాడు. వేళ్లు మాట వినలేదు. పాట ఒక దారి, గిటారు ఒక దారి. జనం తలలు దించుకున్నారు.

ఆ పై వారం నుంచి మార్లిస్ మిక్సర్లో ఆయన గిటారు శబ్దం మీటని పూర్తిగా కిందికి లాగేసింది. ఆయన వాయించినప్పుడల్లా పక్కనుండే చిన్న లైటు వెలుగుతుంటే చూడలేనని, దాని మీదా నల్ల టేపు అంటించేసింది. పాపమే. కానీ, రావద్దంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? పిల్లల్లేరు. పలకరించడానికి ఇంట్లో పిల్లి కూడా లేదు. వారానికొక పూట ఈ నలుగురి మధ్య నిలబడటమే ఆయనకి మిగిలింది. ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్లో ఆయన గిటారు మోగుతూనే ఉంటుంది కదా అని సర్దిచెప్పుకుంది.

బ్యాండులో ఎవరి చెవికి ఎవరి వాయింపు కావాలంటే అది పంపేదీ మార్లిసే. ఆర్విడ్‌ది కావాలని ఈ రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఆయన మాత్రం అందరికంటే ముందొస్తాడు. టాబ్లెట్ అద్దం తుడుస్తాడు. పాటపాటకీ పెడల్ మారుస్తాడు. కళ్లు మూసుకుని వాయిస్తాడు. అయిపోగానే తిన్నగా మార్లిస్ దగ్గరికొస్తాడు.

"ఇవాళ ఎలా వినిపించిందమ్మా?"

"అదిరిపోయిందండీ."

ఆ మాట అన్న ప్రతిసారీ ఆవిడకి తర్వాత తాగే కాఫీ చేదుగా ఉండేది.

ఇక చెప్పక తప్పదు. వచ్చే వారం మీట పైకి తోస్తే నలుగురిలో నవ్వులపాలవుతాడు. తోయకపోతే గుట్టు బయటపడుతుంది.

చర్చి బేస్‌మెంట్లో అందరూ కాఫీల దగ్గర గుంపులుగా ఉన్నారు. ఆర్విడ్ చివరి బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని నిమ్మకాయ కేకు ముక్క తింటున్నాడు. మార్లిస్ వెళ్లి ఎదురుగా కూర్చుంది. ఆయన మొహం విప్పారింది.

"రా రా. ఇవాళ ఎలా..."

"ఆర్విడ్ గారూ, నన్ను తిట్టండి, కొట్టండి. రెండేళ్లుగా మీ గిటారు ఎవరికీ వినిపించట్లేదు. నేనే ఆపేశాను."

ఆయన కేకు ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

మార్లిస్‌కి ఏడుపాగలేదు. "తెలిస్తే మీరు రావడం మానేస్తారని భయమేసిందండీ. మానకండి."

ఆర్విడ్ ముందుకి వంగి, పక్క బల్లకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"పిచ్చి తల్లీ, ఆ మొదటి ఆదివారం తర్వాత నేనసలు టాబ్లెట్‌కి వైరు తగిలిస్తే కదా, నువ్వు ఆపడానికి!"